బూడిద కింది గుంత

మిర్యాలగూడలో మా బస్తీకి ఆనవాలు చెప్పమంటే ఎవరైనా ఒకటే చెబుతారు: మూతబడ్డ మిల్లు, దాని వెనక నల్ల దిబ్బ. ఆ దిబ్బ మొత్తం ఊక బూడిద. దాన్ని పోసింది నేనే. ఇరవై ఏళ్లకు పైగా ఆ మిల్లులో బాయిలర్ నడిపాను. వడ్లు ఉడకబెట్టడానికి ఊక మండించాలి, మండిన ఊకను ఎక్కడో ఒకచోట పారబోయాలి. తట్టలకెత్తించి మిల్లు వెనక ప్రహరీ లోపలే పోయించేవాణ్ని. మిల్లు మూతబడ్డాక ఎవరైనా "ఎవడ్రా ఈ దిబ్బ పోసినోడు" అని తిడితే నేనూ వాళ్లతో కలిసి తిట్టేవాణ్ని. అంత సిగ్గు లేకుండా బతికాను.

ఎండాకాలం గాలి లేచిందంటే బస్తీలో ఎవరూ బట్టలు ఆరేసేవారు కాదు. అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు, నల్లటి నలుసులు వాలేవి. కళ్లు నలుపుకుంటూ దవాఖానకు పోయేవాళ్లు, బండి మీద పోతూ కళ్లలో పడి కిందపడేవాళ్లు, రోజూ ఎవరో ఒకరు. మిల్లు సేటు ఎప్పుడో యంత్రాలన్నీ పాత ఇనుముకు అమ్మేసి కోదాడ వెళ్లిపోయాడు. మిగిలింది ఒక చిమ్నీ, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం, పగుళ్లలో మొలిచిన సర్కారు తుమ్మ, నా దిబ్బ.

దిబ్బకు ఆనుకుని తూర్పున ఒక ఇల్లుంది. ఆ ఇంటామె మిల్లులో కళ్లం మీద వడ్లు తిరగేసేది. దామరచర్ల వైపు తండా నుంచి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. ఫోన్లో వాళ్ల అక్కతో లంబాడీలో మాట్లాడుతుంది, మాతో మా భాషలో మా కంటే గట్టిగా మాట్లాడుతుంది. మిల్లులో ఉన్నన్నాళ్లూ అందరిలాగే నన్ను "ఆపరేటర్ సాబ్" అనేది. మిల్లు మూతబడ్డాక మొగుడూ పెళ్లాలు కూడబెట్టుకున్నదానితో ఆ చిన్న జాగా కొనుక్కున్నారు. దిబ్బ పక్కన కాబట్టి చవగ్గా వచ్చింది. అక్కడ ఆకుకూరలు వేద్దామని బావి తవ్వుకున్నారు.

బావి తవ్వే రోజు నేనూ వెళ్లాను. ప్రహరీకి దగ్గరగా ముగ్గు పోసి ఉంచారు. "గీడ వద్దు, గా మూలకు జరుపుండ్రి" అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. బాయిలర్ నడిపినవాడు, నీళ్ల సంగతి తెలిసినవాడు అనుకున్నారు. నేను చెప్పిన మూలనే తవ్వారు, నీళ్లు పడ్డాయి, కొబ్బరినీళ్లంత తియ్యగా ఉన్నాయి. ఆమె మొదటి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టి "తాగు అన్నా" అంది. ఆ రోజు నుంచి నేను అన్నను, ఆమె నాకు చెల్లె. నాకు సొంత చెల్లెళ్లు లేరు. ఆ పిలుపు నాకు ఎంత నచ్చిందో ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ నీళ్లతో పాలకూర, తోటకూర, గోంగూర పండించి పొద్దున్నే మార్కెట్లో అమ్మేది. బూడిద పడుతుంది కాబట్టి కూరను మూడు నీళ్లు కడగాల్సి వచ్చేది. "ఆ దిబ్బ పోతే ఒక్కపారి కడిగితే సాలు అన్నా. నా నడుం బతుకుతది" అనేది. ఆమె భర్త పోయాక ఆ కూరే ఆమె బతుకు.

ఇలాంటి పాడుబడ్డ మిల్లు జాగాలను బాగు చేసుకునే బస్తీలకు సాయం చేసే సంస్థ ఒకటి హైదరాబాదులో ఉందని, మా బస్తీలో బడిపంతులుగా చేసి రిటైరయిన సారు ఎక్కడో తెలుసుకుని వచ్చాడు. వాళ్ల షరతు ఒక్కటే. ముందు బస్తీ తన వంతు వేయాలి, అప్పుడు వాళ్లూ అంత కలుపుతారు. చందాలంటే మా వాళ్లు మొహం చాటేస్తారని నాకు తెలుసు. అందుకని నేనే ఒక దారి చెప్పాను. మా పల్లెల్లో ఎండాకాలం చెరువు ఎండితే ఆ నల్లమట్టి ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలుకుంటారు. మాది మోతె దగ్గర సేద్యం కుటుంబం, చిన్నప్పుడు నేనూ ఆ ట్రాక్టర్ల వెంట పరుగెత్తినవాణ్నే. ఇంటికొక ట్రిప్పు మట్టి కిరాయి పెట్టుకుంటే చాలు, దిబ్బను చదును చేసి మట్టి కప్పి చెట్లు పెట్టుకోవచ్చన్నాను. డబ్బులడిగితే లోపలికి పోయే మనుషులు ట్రిప్పు అనేసరికి బయటికి వచ్చారు. "నాదొక ట్రిప్పు", "మా అత్తగారి పేరు మీద ఒకటి" అంటూ పోటీ పడ్డారు. చెల్లె రెండు తీసుకుంది. ఒకటి తనకు, ఒకటి తన బావికి అంది. అందరం నవ్వాం.

సేటు కాగితం కావాలి కాబట్టి నేను కోదాడ బస్సెక్కాను. ముసలివాడయ్యాడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు.

"చేసుకోండయ్యా, నాకేం అభ్యంతరం లేదు. పదిమందికి పనికొచ్చేదే కదా" అన్నాడు. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు. "ఆ తూర్పు మూల సంగతి గుర్తుందిగా నీకు?"

"ఎండిపోయి ఏండ్లయింది సేటూ" అన్నాను.

"అదే, ఎండిపోయింది. దాన్ని కదపమాకండి."

ఆ తూర్పు మూల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఉప్పుడు బియ్యం పట్టాలంటే వడ్లను ట్యాంకుల్లో నానబెట్టాలి. నానిన నీళ్లు కుడితి కంటే కంపు కొడతాయి. వాటిని వదలడానికి ప్రహరీ లోపల తూర్పున పెద్ద గుంత ఉండేది. ఒకసారి పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సేటు నన్ను పిలిచి ఒక్క రోజులో గుంత కనబడకూడదన్నాడు. ఉన్న కూలీలందరినీ పెట్టి, గుంతలో నీళ్లు అట్లాగే ఉండగా పైనుంచి బూడిద పోయించాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తట్టలు నడిచాయి. మర్నాడు తనిఖీకి వచ్చినవాళ్లు దిబ్బ మీద నిలబడి చాయ్ తాగి వెళ్లారు. సేటు నా భుజం తట్టాడు. నేను ఉబ్బిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది.

సంస్థ నుంచి ఇంజినీరు అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి కంటే చిన్నది. కళ్లం మీద టెంటు వేసి బస్తీ అంతా కూర్చున్నాం. ఆమె జాగా అంతా తిరిగి, ఫోటోలు తీసుకుని, చివరికి నా వైపే చూసి అడిగింది. "బాయిలర్ మీరే నడిపారట కదా. ఈ బూడిద కింద ఇంకేమైనా ఉందా అండీ? పాత ట్యాంకులు గాని, మురికినీళ్ల గుంతలు గాని? ఉంటే ముందే టెస్టులు చేయాలి."

టెస్టులంటే ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. ఈలోగా ఆ సాయం ఇంకో ఊరికి పోతుంది. ట్రిప్పులన్నవాళ్లు మళ్లీ ఇళ్లలోకి పోతారు. ఇవన్నీ సాకులు. అసలు సంగతి, అంతమంది ముందు ఆ గుంత పూడ్పించింది నేనే అని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పటికే అందరూ నన్ను పెద్దమనిషిని చేసి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"ఊక బూడిదే మేడం. ఇంకేముంటది" అన్నాను.

ఆమె రాసుకుంది. చెల్లె ఆడవాళ్లలో వెనక కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు.

ఎండలు ముదిరేసరికి చెరువు మట్టి ట్రిప్పులు మిల్లు గేటు ముందు వరసగా పడ్డాయి. కానీ దిబ్బను కదిలిస్తే బూడిద లేచేది. ట్రాక్టరు లోపలికి పోతే చక్రాలు కూరుకుపోయి డ్రైవరు దగ్గుతూ దిగి వచ్చేవాడు. ఆ ఇంజినీరు అమ్మాయి ప్లానులో కొద్ది కొద్దిగా నీళ్లు చల్లుతూ, పొర పొరగా మట్టి కప్పుకుంటూ రమ్మని ఉంది. అది చదివి మేమంతా నవ్వుకున్నాం. పొలం మొహం చూడని పిల్ల అనుకున్నాం. మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా వరే. మాకు నేల అంటే పొలమే, ఏ నేల మాట వినకపోయినా నీళ్లు పెట్టి దమ్ము చేయడమే మాకు తెలిసిన వైద్యం. "కాలువ వస్తది గద, గట్లు పోసి మడి కడదాం. నీళ్లు నిలబెట్టి దున్నితే బూడిద బురదయి కూసుంటది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. సారు సహా అందరూ ఒక్క గొంతుతో సరే అన్నారు.

సాగర్ కాలువకు నీళ్లు వదలగానే మిల్లు వెనక పిల్లకాలువకు గండి పెట్టాం. పాతికేళ్లుగా గాలికి ఎగిరిన బూడిద ఒక్క పూటలో అణిగిపోయింది. ట్రాక్టరుకు దమ్ము చక్రాలు తగిలించి తిప్పుతుంటే ఆడవాళ్లు ప్రహరీ ఎక్కి చూశారు. ఎవరో నాట్లు వేసేటప్పటి పాట అందుకున్నారు. నీళ్లు నిలవడం లేదు, ఎంత పెట్టినా తాగేస్తోంది. "ఎంత దాహం మీదున్నదో సూడుండ్రి" అని నవ్వారు. నేనూ నవ్వాను. తూర్పు మూల నీళ్లు సుడి తిరిగి లోపలికి పోతుంటే చూసి కూడా నవ్వాను. ఎండిపోయి ఏళ్లయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మూడు వారాలు మడి కట్టి ఉంచాం. ఆ తర్వాత ఆరబెట్టి చెరువు మట్టి పరిచాం. బస్తీలో తీగల మీద తెల్లబట్టలు ఆరాయి. ఎవరో మా ఇంటికి పాయసం పంపారు. నన్ను చూసి సారు "నీ తెలివి హైదరాబాదుల ఎవలకున్నది" అన్నాడు. సంస్థ వాళ్ల మొక్కలు బడి ఆవరణలో దిగాయి. నాకు కాళ్లు నేల మీద లేవు.

అప్పుడే ఒకరోజు మార్కెట్‌కు వెళ్తే చెల్లె కూర్చునే చోట ఇంకెవరో టమాటాలు పోసుకున్నారు. ఆమె రాక వారమైందన్నారు. నేరుగా ఇంటికి వెళ్లాను. పాలకూర మడి అంతా పసుపుపచ్చగా వాలిపోయి ఉంది. బావి గట్టు మీద చేద తాడు చుట్టలు చుట్టి పెట్టి ఉంది. తోడి చూశాను. నీళ్లు డికాషను రంగులో వచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు కాలం వెనక్కి తిరిగినట్టయింది. నానబెట్టే ట్యాంకు మూత తీసినప్పటి కంపు అది. ఆ కంపును ఈ ఊర్లో ఎవరు మర్చిపోయినా నా ముక్కు మర్చిపోయే అవకాశమే లేదు.

"వానలకు గిట్లయింది కావచ్చు అన్నా" అంది ఆమె. "జర దినాలు పోతే తేరుకుంటది."

"ఎందుకు చెప్పలే నాకు?"

"అందరు సంబురంల ఉన్నరు. నేనెందుకు ఆపాలె?"

మా అమ్మాయి సూర్యాపేటలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆమెకు చూపిద్దామని ఆ నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకుని మర్నాడు బస్సెక్కాను. సీసాకు కాగితం చుట్టాను. ఉక్కపోత. పక్క సీట్లో ముసలామె కాసేపటికి నా చేతిలోకి చూసి "బిడ్డా, జర నీళ్లుంటే ఇయ్యి, నోరు ఎండుతున్నది" అంది.

"ఇవి తాగే నీళ్లు గావు పెద్దమ్మా."

"తాగే నీళ్లు గాకుంటే సీసల ఎందుకు పట్టుకొని తిరుగుతున్నవ్?"

ముందు సీట్లో వాళ్లు తిరిగి చూశారు. దాహమన్న మనిషికి నీళ్లు లేవనడం మా ఇంటా వంటా లేదు. ఆ ముసలామె నా వైపు చూసిన చూపులో పిసినారి అనే మాట స్పష్టంగా ఉంది. పిసినారినైతే ఎంత బాగుండేది అనుకున్నాను. సూర్యాపేట దిగేదాకా సీసాను కాళ్ల మధ్య దాచుకుని కూర్చున్నాను.

మా అమ్మాయి కాలేజీ ల్యాబులో ఏవో కాగితాలు ముంచి, ఏవో చుక్కలు వేసి చూసింది. మూత తీసినప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది.

"లోపల ఏమేమున్నయో చెప్పాలంటే పెద్ద ల్యాబుకు పంపాలి నాన్నా. కానీ ఇవి తాగే నీళ్లు కావు, మొక్కలకు పోసే నీళ్లూ కావు. కుళ్లిన వడ్ల వాసన వస్తున్నది. ఎవరు తాగుతున్నరు ఇవి?"

నేను సీసాకు మళ్లీ కాగితం చుట్టసాగాను. ఆమె నన్ను అట్లాగే చూసింది. చిన్నప్పుడు ఆమె అబద్ధమాడితే నేను చూసినట్టే చూసింది.

అదే సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే చెల్లె ఇంటికి వెళ్లాను. ఆమె వాడిపోయిన పాలకూర పీకి కుప్ప వేస్తోంది. నిలబడి చెప్పలేక బావి గట్టు మీద కూర్చున్నాను. గుంత సంగతి, సేటు మాట, ఇంజినీరు అమ్మాయి అడిగితే నేను ఆడిన అబద్ధం, అంతా చెప్పాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుని వచ్చాను గాని, చెప్పేటప్పుడు ఒక్కటీ వరసలో రాలేదు. ఏడుపు కూడా వచ్చింది, ముసలితనంలో.

ఆమె పీకడం ఆపలేదు.

"నాకు ఎర్కనే" అంది.

"ఏం ఎర్క?"

"గుంత. పూడ్చిన దినం తట్టలు మోసినోళ్లల్ల నేను గూడ ఉన్న. నువ్వు గట్టు మీద నిలబడి జల్ది జల్ది అని ఒర్లుతుంటివి. నా కాలు జారి మోకాలి దాక దిగిన అండ్ల. నీకు యాది లేకపోవచ్చు."

నిజంగానే నాకు గుర్తు లేదు. ఆ రోజు నాకు తట్టలు గుర్తున్నాయి, మోసినవాళ్ల మొహాలు ఒక్కటీ గుర్తు లేదు.

"మరి ఎందుకు చెప్పలే? మేడం అడిగిన దినం నువ్వు గూడ ఉన్నవ్ గదా!" అన్నాను. నా గొంతు లేచింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం తొందరగా వస్తుంది, మా ఆవిడ ఎప్పుడూ అనే మాటే.

ఆమె అప్పుడు చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"బాయి తవ్విన్నాడు గీడ వద్దు, గా మూలకు జరుపుండ్రి అన్నవ్. అప్పుడే సమజయింది నాకు, గుంత నీకు యాదున్నదని. నా మంచికే జరిపినవని నిన్ను అన్నా అన్న. మేడం అడిగినప్పుడు నీ మొఖం దిక్కే సూస్తున్న. ఇప్పుడు సెప్తడు, ఇప్పుడు సెప్తడు అని. నా బాయి కోసం జరిపినోడు, నా బాయి కోసం ఒక్క మాట సెప్పడా అనుకున్న." కాలి దగ్గరి మొక్కను కుప్పలోకి నెట్టింది. "మడి కట్టిననాడు గూడ నీ మొఖమే సూసిన."

ఆమె మళ్లీ వంగి పీకడం మొదలుపెట్టింది.

అక్కడే కూర్చుని ఇంజినీరు అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "మీరు అప్పుడే చెప్పి ఉంటే ఆ మూలను విడిచిపెట్టేవాళ్లం కదండీ. ఒక్క మూలే కదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క మూల కోసమని పనంతా ఆగిపోదని, ఆ మూలను వదిలేయడానికే ఆమె ఆ రోజు ముందుగా అడిగిందని, నేనే పెద్ద భూతాన్ని చేసుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడైతే పనంతా ఆగిపోయింది. టెస్టులు అయ్యేదాకా సాయం ఆపారు. గేటుకు తాళం పడింది. బడి ఆవరణలో మొక్కలు కవర్లలోనే వేళ్లు చుట్టుకుంటున్నాయి. ట్రిప్పులు వేసినవాళ్లు నన్ను చూసి రోడ్డు దాటుతున్నారు. సారు మాత్రం మొహం మీదే అన్నాడు: "ముందైతే చెప్పకపోతివి. చెప్పెటోనివి చెట్లు పెట్టినంక చెప్పరాదూ?" పరిచిన నల్లమట్టి మీద గడ్డి మాత్రం ఏపుగా మొలిచింది. పై నుంచి చూస్తే చక్కటి మైదానమే అనిపిస్తుంది.

మా ఇంట్లో మున్సిపల్ నల్లా ఉంది. చెల్లె ఇప్పుడు పక్క ఊళ్ల రైతుల దగ్గర కూర కొనుక్కొచ్చి అమ్ముతోంది. దాన్ని మా వాకిట్లో కడుక్కోమని నేను బతిమాలితే ఒప్పుకుంది. బూడిద ఇప్పుడు పడడం లేదు కాబట్టి ఒక్కసారే కడుగుతుంది. ఆమె కోరుకున్నది అదొక్కటి మాత్రం జరిగింది. కూర కట్టలు బుట్టలో పేర్చుకుని, తల మీద చుట్టకుదురు పెట్టుకుని, వెళ్లే ముందు ఇంట్లోకి తిరిగి పిలుస్తుంది. నేను ఏ గదిలో ఉన్నా ఆ పిలుపు కోసం వింటూనే ఉంటాను, ఈ రోజైనా మారుతుందేమోనని.

"నల్లా బంద్ చేసిన, ఆపరేటర్ సాబ్" అంటుంది.